పడకెక్కితేనే పథకం

నవంబరు 14 బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా. నాయకులకు ఇంతకంటే ఏం కావాలి? ఒకే వేదిక, ఒకే దండ, రెండు ఉపన్యాసాలు. పొద్దున పిల్లలకు చాక్లెట్లు పంచడం, సాయంత్రం పెద్దలను చక్కెర మానమనడం. మరి టైప్ వన్ మధుమేహం ఉన్న పిల్లల సంగతో? ష్! సభామర్యాద పాటించండి.

సరే, సూరత్ వెళ్లి అడుగుదాం. 2023 డిసెంబరులో ప్రధాని అక్కడ డైమండ్ బోర్స్ ప్రారంభించారు. 67 లక్షల చదరపు అడుగులు. పెంటగాన్ కంటే పెద్దదట. భేష్! అదే ఊళ్లో, లింబాయత్ గల్లీల్లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీలు మరమగ్గాలు నడుపుతున్నారు. పన్నెండు గంటల షిఫ్టు. మీటరు లెక్కన కూలి. ఆ ఇంటి పిల్లకు టైప్ వన్ వచ్చిందనుకోండి. ఒంట్లో ఇన్సులిన్ తయారీ ఆగిపోయింది. తప్పు ఎవరిదీ కాదు. అయినా వాడంతా డాక్టర్లే. ‘‘స్వీట్లు బాగా పెట్టారా?’’ ‘‘కాకర రసం పట్టించండి, సూదులెందుకు?’’ ఫ్రిజ్ లేని గదిలో ఇన్సులిన్ సీసా నీళ్ల కుండలో మునిగి ఉంటుంది. పిల్లకు రోజూ నాలుగు పోట్లు తప్పవు.

పంపు ఉంటే? నడుముకు తగిలించుకునే చిన్న పెట్టె అది. సన్నని గొట్టంలోంచి చర్మం కిందికి రాత్రింబగళ్లు బొట్టుబొట్టుగా ఇన్సులిన్ పంపుతుంది. ధర లక్షల్లో. కొంటే అయిపోతుందా? రెండు మూడు రోజులకోసారి గొట్టం, సూది మార్చాలి. నెలనెలా వేలు వదులుతాయి. ఆ తండ్రి ఎన్ని మీటర్లు నేస్తే ఈ బాకీ తీరుతుంది? ఏ బడ్జెట్‌లో ఉందండీ ఆ లెక్క?

‘‘ఆయుష్మాన్ కార్డు ఉందిగా!’’ అంటారు. ఉంది మహాప్రభో! గుజరాత్‌లో 2023 నుంచి కుటుంబానికి ఏటా పది లక్షలు. హోర్డింగు చూస్తేనే సగం రోగం నయమవుతుంది. కార్డు చేతికిచ్చి చూడండి, అసలు రంగు బయటపడుతుంది. ఇన్సులిన్ అందక, రక్తంలో ఆమ్లం పెరిగి, పిల్ల ఎగశ్వాసతో ఐసీయూ చేరిందా? రండి రండి, ప్యాకేజీ ఉంది! ఆ గతి పట్టకుండా ఇంటిదగ్గర వాడుకునే పంపు, రక్తంలో చక్కెర చూసే సెన్సరు, స్ట్రిప్పులు అడిగారా? అబ్బే, అవి మా పరిధిలోకి రావు. చేతులు కాలాక పట్టుకునే ఆకులకే టెండరు పిలిచే సర్కారు ఇది.

పోనీ చట్టం? 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. హీమోఫీలియా ఉంది, తలసీమియా ఉంది. టైప్ వన్ లేదు. ప్రైవేటు బీమా? జబ్బు పేరు వినగానే ఏజెంటు ఫోను ఎత్తడు.

డబ్బుల్లేవా? కేరళ 2018లోనే ఈ పిల్లల కోసం పథకం పెట్టి ఇన్సులిన్, పెన్నులు ఉచితంగా ఇస్తోంది. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ నుంచి సెన్సరుతో కలిసి తనంతట తానే మోతాదు సర్దుకునే పంపులను ప్రభుత్వ ఖర్చుతో అందిస్తున్నారు. అంతెందుకు, బాంటింగ్ బృందం 1923లో ఇన్సులిన్ పేటెంటును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసింది. కనిపెట్టినవాళ్లు లాభం వద్దన్నారు. వందేళ్లు దాటాక మనం ఏం చేస్తున్నాం? వాళ్ల ఫొటోకు దండ వేసి, పిల్లలకు బిల్లు వేస్తున్నాం.

ఆయుష్మాన్ పథకంలో ఒక్క వాక్యం చేర్చండి చాలు: టైప్ వన్ పిల్లల పంపు, దాని నెలవారీ సామాను ఖర్చు ప్రభుత్వానిదే. కలంలో సిరా అయిపోయిందా? చెప్పండి, చందాలేసుకుని కొనిస్తాం.