సి డ్రైవ్ దాటని సంసారం

ఏళ్ల తరబడి ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసిన మనిషి మరో సిస్టమ్‌కు మారడాన్ని ప్లాట్‌ఫాం మార్పు అంటారు. ఇది ఎవరూ సరదాకి చేసే పని కాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఈ తేదీలు పంచాంగంలో పడలేదు కాబట్టి శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లు పట్టించుకోలేదు. నెట్ కనెక్షన్ పీకేస్తే సిస్టమ్‌కు వైరస్ పట్టదన్నది అక్కడ స్థిరపడిన సిద్ధాంతం. రోజుకు ఇరవై మంది కస్టమర్లు తెచ్చి గుచ్చే పెన్ డ్రైవ్‌లు ఈ సిద్ధాంతం పరిధిలోకి రావు.

మార్పుకు తక్షణ కారణం సాధారణంగా మదర్‌బోర్డు పోవడం. పాత బోర్డు ఒక పట్టాన దొరకదు, కొత్త బోర్డు మీద ఎక్స్‌పీ ఎక్కదు. విండోస్ 11 వేయించుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, మరీ పాతది కాని ప్రాసెసరూ ఉండాలి. నిక్షేపంలా నడుస్తున్న సిస్టమ్‌ను కూడా అది వద్దంటుంది. పిల్ల నచ్చింది, జాతకం కుదరలేదు అన్నమాట.

తెలుగు డీటీపీ రంగంలో ఈ మార్పు ఎందుకింత కష్టమో తెలియాలంటే 2001కి వెళ్లాలి. ఆ ఏడాది రెండు సరుకులు బజారుకొచ్చాయి. మొదటిది ఎక్స్‌పీ. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు రాయగల ఏర్పాటు, గౌతమి అనే ఫాంటు అందులోనే ఉన్నాయి. కాకపోతే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టాలి. రెండోది పేజ్‌మేకర్ 7.0. పేజీలు కూర్చడానికి ఆల్డస్ కంపెనీ 1985లో మెకింటాష్ కోసం తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. 1994లో అడోబీ ఆ కంపెనీని కొనేసింది, 1999లో అదే పనికి ఇన్‌డిజైన్‌ను తెచ్చింది, 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు మరో వెర్షన్ తేలేదు. యూనికోడ్ అంటే పేజ్‌మేకర్‌కు తెలియదు. ముందున్న దారుల్లో ఒకటి తెలుగు తెలిసినది, రెండోది తెలుగు తెలియనిది. తెలుగు అచ్చు లోకం ఆలోచించకుండా రెండోదాన్ని ఎంచుకుంది. టిక్కు పెట్టే శ్రమ తప్పింది.

తెలుగు రాని సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాయడానికి వాడిన ఉపాయం వేషం వేయడం. ఇంగ్లిష్ అక్షరాల బొమ్మలు తీసేసి వాటి చోట తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు విడివిడిగా అమర్చిన ఫాంటును పైన తొడుగుతారు. తెర మీద శుభలేఖ కనిపిస్తుంది, లోపల కంప్యూటర్‌కు ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. ఏ కంపెనీ ఫాంటు అమరిక ఆ కంపెనీదే. ఫాంటు లేని సిస్టమ్‌లో ఆ ఫైలు తెరిస్తే వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గళ్ల స్థలం కేటాయించారు. అయినా ఇరవై ఏళ్లు రాత్రింబవళ్లు తెలుగు కొట్టిన ఆపరేటర్, లెక్క ప్రకారం ఒక్క తెలుగక్షరమూ కొట్టలేదు. ఈ సంగతి బయటపడేది సిస్టమ్ మారిన రోజునే.

మారదలచినవారికి మూడు దారులున్నాయి. మొదటిది మ్యాక్. దాని ధర విన్నాక రెండు దారులు మిగులుతాయి. రెండోది విండోస్ 11. దానికి కొత్త సిస్టమ్ కొనాలి. మూడోది లినక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకి విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఉచితం, పాత సిస్టమ్ మీదా నడుస్తుంది. ఉచితమనగానే దీని మీద అనుమానం పుడుతుంది. మెకానిక్ డబ్బు తీసుకుని వేసిపోయే దొంగ విండోస్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

లినక్స్‌లోకి అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న: సి డ్రైవ్ ఏది? ఎ, బి పేర్లు ఫ్లాపీలకు పోగా హార్డ్ డిస్క్‌కు సి దక్కింది. ఫ్లాపీలు గతించాయి. పెద్దవాళ్లిద్దరూ పోయినా మూడోవాడు మూడోవాడిగానే ఉండిపోయిన ఇల్లు విండోస్. లినక్స్‌లో ఈ వరసలు లేవు, హోమ్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. రెండో చిక్కు ఫైలు పేర్లు. పెద్దబడి, చిన్నబడి అక్షరాలను లినక్స్ వేరువేరుగా చూస్తుంది కాబట్టి ఒకే పేరుతో రెండు పెళ్లిళ్లు పక్కపక్కనే ఉండగలవు. మూడోది పాస్‌వర్డ్. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో దాన్ని కొడుతుంటే చుక్క కూడా కనబడదు. కీబోర్డు పాడైందని నిర్ధారించి కొత్తది కొనుక్కొచ్చేది ఈ దశలోనే.

కీబోర్డు విషయంలో మరో విశేషముంది. తెలుగు డీటీపీ ఆపరేటర్లలో చాలామంది వేళ్లకు అలవాటైన అమరిక పేరు యాపిల్. జన్మలో యాపిల్ కంప్యూటర్ ముట్టుకోని చేతులు విండోస్ మీద యాపిల్ కొడుతూ వచ్చాయి. ఇదే అమరిక లినక్స్‌లోనూ దొరుకుతుంది. పక్కనే ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మోస్తున్న ఆర్‌టీఎస్ కూడా ఉంటుంది. అయినా ఎవరూ వెతకరు, ఎందుకంటే లినక్స్‌లో తెలుగు రాదని అందరికీ ముందే తెలుసు.

ఫాంట్ల దగ్గర కరువు తీరుతుంది. కాలిఫోర్నియాలో ఉన్న సిలికానాంధ్ర సంస్థ ద్వారా విడుదలైన యూనికోడ్ ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నారు, శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నాడు. అంతా ఉచితమే. భువనవిజయం మొత్తం పైసా ఖర్చు లేకుండా సిస్టమ్‌లోకి దిగినా కస్టమర్ గోడకు అంటించిన పాత కార్డు చూపించి, "అన్నా, ఆ అక్షరాలే కావాలి" అంటాడు.

ఇక పాత ఫైళ్లు. వేషం తీసి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి నూటికి తొంభై మాటలు సరిగానే మారుస్తాయి అనుకున్నా, తప్పిన ఒత్తు సరిగ్గా వియ్యంకుడి ఇంటిపేరులోనే ఉంటుంది. ప్రెస్సువాళ్లది మరో పట్టుదల. ఫాంటును తనలోనే మోసుకెళ్లగల పీడీఎఫ్ 1993 నుంచీ ఉంది, ఏ సిస్టమ్‌లో తెరిచినా అక్షరం కదలదు. అయినా "పేజ్‌మేకర్ ఫైలే పంపండి" అన్న మాట కదలదు.

ఇన్ని చిక్కులు పడ్డాక పాతచోటికే తిరిగొచ్చేవారూ ఉంటారు. ఈ తిరుగు వలసకు పెద్ద ఉదాహరణ జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ. విండోస్ వదిలి లినక్స్‌కు మారాలని 2003లో తీర్మానించి, పదేళ్లు కష్టపడి దాదాపు 15 వేల కంప్యూటర్లను మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్దామని తీర్మానించింది. అదే పని డీటీపీ సెంటర్లో ముహూర్తాల సీజన్ వస్తే ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. తీర్మానం అక్కర్లేదు.

కాలక్రమంలో రాజీ కుదురుతుంది. కొత్త సిస్టమ్ బల్ల మీదికి వస్తుంది, కరెంటు బిల్లులకు, ఆధార్ ప్రింట్లకు, సినిమాలకు పనికొస్తుంది. పాత సిస్టమ్ సెకండ్ హ్యాండ్ బోర్డుతో బతికి మూలకు చేరి, పైన గుడ్డ కప్పుకుని, ఎక్స్‌పీతో, పేజ్‌మేకర్‌తో కొనసాగుతుంది. ఒకటి ఉన్నచోట రెండు ఉండటాన్ని ఈ రంగంలో మార్పు పూర్తికావడం అంటారు. శుభలేఖ పని వచ్చినప్పుడల్లా గుడ్డ తీస్తారు. 2003లో చిరంజీవి అని ఎవరి పేరు కొట్టారో, ఆయనే ఇప్పుడు కూతురి పెళ్లికి కార్డులు వేయించడానికి వస్తాడు. డి డ్రైవ్‌లోంచి ఆనాటి ఫైలే తెరుస్తారు. ఆయన పేరును ఆహ్వానించువారి కిందికి జరిపి, ముహూర్తం మార్చి, సేవ్ కొడతారు.