బిడ్డకో పన్ను

మన దేశంలో ఆడవాళ్ళ దగ్గర మాత్రమే వసూలు చేసే పన్ను ఒకటుంది. ఏ బడ్జెట్‌లోనూ కనపడదు. రసీదు ఇవ్వరు. రాయితీ అసలే లేదు. కాన్పుకి ఒకటి చొప్పున నోట్లోంచి తీసి కట్టాలి: బిడ్డకో పన్ను. ఎగ్గొట్టినవాళ్ళని జైల్లో వెయ్యరు గానీ, ఎగ్గొడదామని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరిన కడుపుతో ఉన్న మనిషిని మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి గుమ్మంలోనే పట్టుకుంటారు.

నేను కట్టాను. కింది దవడ, కుడి పక్క, చివర్నుంచి రెండోది. ఇప్పటికీ జంతికలు ఎడమ పక్కనే నములుతాను.

మా పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ, ఈ పన్ను శ్లాబు మారలేదు. జంగ్లీఘాట్ వైపు నాలుగడుగులు వేస్తే తెలుగు వినపడుతుంది, అదీ శ్రీకాకుళం తెలుగు. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో తేలిన 3,80,581 మందిలో నూటికి పదముగ్గురి మాతృభాష మనదే. విశాఖ నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటేటప్పుడు మనవాళ్ళు వలలు తెచ్చుకున్నారు, గంగమ్మని తెచ్చుకున్నారు, ఎండుచేపల రుచి తెచ్చుకున్నారు. ఆ మూటల్లోనే ఈ పన్నుల చట్టాన్నీ దాచి తెచ్చారు. ఓడ దగ్గర సామాను తూకం వేసేవాళ్ళకి అది దొరకలేదు.

పోయిన వానాకాలం మా వీధి చివరింటి కోడలు పిల్ల మా గుమ్మంలో నిలబడింది. ఐదో నెల. ఒక బుగ్గ బూరెలా పొంగి ఉంది. లవంగనూనెలో ముంచిన దూది పంటి సందులో కుక్కుకుంది. మాట రావడం లేదు, కళ్ళ నీళ్ళే వస్తున్నాయి. రాత్రంతా నిద్ర లేదట. ఆ ఇంటి అరుగు మీద ఆ పిల్ల అత్తగారి అత్తగారు కూర్చుని ఉంది. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాపీగా పీలుస్తోంది. అడ్డపొగ. ఆ పొగ మధ్యలోంచే ఆమె తీర్పు వినపడింది.

"ఒలే, ఒట్టి మడిసివి కావు. ఇప్పుడు పన్ను కదిపితే కడుపు కదిలిపోతాది. నాకు ఆరుగురు పుట్నారు, ఆరు పళ్ళూ ఇచ్చీసినాను. ఏటైపోనాను?"

ఏటైపోయిందో ఆమె నోరు తెరిస్తే కనపడుతుంది. ఈ అడ్డపొగ మీద మన శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు తెరిపించి చూసిన అధ్యయనం ఒకటి 1971లో అచ్చయింది. అంగిలి మీద పుట్టే మచ్చలు, పుళ్ళు, వాటిలోంచి వచ్చే క్యాన్సర్ల సంగతి అందులో ఉంది. ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కిన ఆ నోటికి పళ్ళ డాక్టరంటే భయం. నిప్పంటే లేదు.

ఈ నిషేధంలో నాకు బాగా నచ్చే విషయం దాని నిఖార్సయిన పక్షపాతం. కడుపుతో ఉన్న మనిషి పంటిని డాక్టరొక్కడే ముట్టకూడదు, మిగతా అందరూ ముట్టవచ్చు. తీపి ముట్టవచ్చు. వేవిళ్ళకి బెల్లం ముక్క, సీమంతానికి చలిమిడి, మధ్యలో పేరు పెట్టి అడిగినవన్నీ. గుడాకు ముట్టవచ్చు. పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని 1992లోనే ఉత్తర్వు తెచ్చారు, అయినా చిగుళ్ళకి రాసుకునే ఆ నల్ల ముద్ద తన దారిన తాను దొరుకుతూనే ఉంది. వక్క ముట్టవచ్చు. ఈ దీవుల్లో కొబ్బరి తర్వాత పోకచెట్టే దిక్కు, దాన్ని కాదంటే దేశద్రోహం. ఇక మందుల షాపులో కుర్రాడు చీటీ లేకుండా ఇచ్చే నొప్పి బిళ్ళకైతే రాజమర్యాదే.

ఆ బిళ్ళ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందుల్ని ఇరవయ్యో వారం దాటాక వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. కడుపులో బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోయే ప్రమాదం ఉందని. నెలలు ఇంకా నిండుతున్నకొద్దీ బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఇంకా తెలివైన షాపువాడైతే "వాపు కూడా ఉంది కదక్కా" అని ఓ రెండు యాంటీబయాటిక్ గొట్టాలు కలిపి పొట్లం కడతాడు. అవి టెట్రాసైక్లిన్ జాతివైతే బిడ్డకి పాలపళ్ళే పసుపు పచ్చగా వస్తాయి. అమ్మ పన్ను డాక్టరు ముట్టకుండా కాపాడాం, బిడ్డ పళ్ళు మందుల షాపుకి రాసిచ్చాం. మొత్తానికి పన్ను వసూలయింది, కట్టినవాళ్ళు మారారంతే.

ఇక మత్తు సూది. "సూది పొడిస్తే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తాది" అని ఆ ఇంట్లో రెండో తీర్పు. పాపం గ్రహణానికి ఉన్న నిందలు చాలవని ఇప్పుడు పళ్ళ డాక్టరుకి కూడా వాటా పంచుతున్నారు. ఇజ్రాయెల్‌లో గర్భంతో ఉండగా పంటికి మత్తు సూది వేయించుకున్న 210 మందిని, వేయించుకోని 794 మందిని పక్కపక్కన పెట్టి చూసి 2015లో ప్రచురించారు. పుట్టుకతో వచ్చే లోపాల్లో లెక్కకొచ్చే తేడా కనపడలేదు. అంత దూరం ఎందుకు, కాన్పు గదిలో కుట్లు వేసేముందు పొడిచేదీ పంటి సూదిలో ఉండే ఆ లిగ్నోకైనే. కింద పొడిస్తే మందు, పైన పొడిస్తే విషం! మొర్రి మాట నిజంగా ఎత్తాలంటే తల్లి పొగ తాగడం దగ్గర ఎత్తాలి, దానికి ఆధారాలున్నాయి. కానీ అరుగు మీద చుట్ట ఆరలేదు కదా, ఆ మాట ఎవరెత్తుతారు?

ఎక్స్‌రే అంటే మరీ హడల్. ఇదే ఇంట్లో ఆ పిల్ల తోటికోడలిని ఏడో నెలలో చెన్నై విమానం ఎక్కించి పంపారు, పెద్ద ఆసుపత్రిలో పురుడు పోయించాలని. రెండు గంటలు ఆకాశంలో తిరిగినందుకు కడుపులో బిడ్డకి తగిలే కిరణాల ముందు పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలో బిడ్డదాకా చేరేది లెక్కలోకే రాదు. విమానానికి కొబ్బరికాయ కొట్టారు. ఎక్స్‌రేకి దిష్టి తీశారు.

ఇంట్లోవాళ్ళనే అంటే అన్యాయం. చదువుకున్నవాళ్ళ వాటా కూడా ఉంది. నా రోజుల్లో నేను తెగించి ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన నోరు తెరవమనలేదు. పొట్ట చూశాడు. "మీ లేడీ డాక్టరు దగ్గర రాయించుకురండి" అన్నాడు. ఆవిడ "ఇప్పుడెందుకమ్మా పళ్ళ గొడవ, కాన్పవ్వనీ" అంది. రాయలేదు. నేను మళ్ళీ ఆయన దగ్గరికి. "రాసివ్వలేదా? అయితే కాన్పయ్యాకే రండి." కార్ నికోబార్ వెళ్ళాలంటే ట్రైబల్ పాస్ ఇస్తారు, ఏదో ఒక రోజుకి చేతికొస్తుంది. నా నోట్లోకి వెళ్ళడానికి మాత్రం ఏ కార్యాలయమూ పాస్ ఇవ్వలేదు. నాలుగు నెలలు ఫైలు తిరిగింది, ఆ లోపల పన్ను పదవీ విరమణ చేసింది. ఆ డాక్టర్లిద్దరి మీదా నాకు కోపం లేదు, జంతికలు తినేటప్పుడు తప్ప.

ఇంతకీ అమెరికాలో ప్రసూతి వైద్యుల కాలేజీ 2013లోనే స్పష్టంగా రాసింది: గర్భిణులకి పళ్ళు శుభ్రం చేయడం, పూడ్చడం, పీకడం, ఎక్స్‌రే, మత్తు అన్నీ చేయవచ్చు, వాయిదా వేయడమే చేటు అని. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది కాబట్టి తొందర లేని పనులు అప్పుడు పెట్టుకోవచ్చు. చీము పట్టి దవడ వాచితే ఏ నెలా చూడక్కర్లేదు, ఆ రోజే వెళ్ళాలి. దవడ కిందికి దిగిన చీము గొంతుని నొక్కి ఊపిరి ఆపేయగలదు. దానికి వర్జ్యం, రాహుకాలం పట్టింపు లేదు.

అరుగు మీది పెద్దమ్మ పన్నుల సిద్ధాంతంలో ఒక నిజం ఉంది, దాన్ని దాటేస్తే నాకే నిద్ర పట్టదు. పిల్లలు ఎక్కువైనకొద్దీ పళ్ళు తగ్గడం కళ్ళకి కనపడేదే. 14 యూరప్ దేశాల్లో, ఇజ్రాయెల్‌లో 34 వేల మందికి పైగా పెద్ద వయసువాళ్ళ లెక్కలు తీసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి ఇద్దరూ ఆడపిల్లలో మగపిల్లలో అయ్యారని మూడో బిడ్డని కన్న తల్లులకి సగటున నాలుగు పళ్ళు తక్కువున్నట్టు తేలింది. చిత్రమేమంటే తండ్రులకి ఆ నష్టం లేదు. కాబట్టి పన్ను నిజమే. వసూలు చేసేది ఎవరన్నదే తగవు. బిడ్డ అమ్మ పంట్లోంచి సున్నం తవ్వుకుపోతాడని మన వాదన. పన్ను ఏమైనా సున్నపు బట్టీయా? బిడ్డకి కాల్షియం అమ్మ తిండిలోంచి వెళ్తుంది, చాలకపోతే ఎముకల్లోంచి వెళ్తుంది. పంటి గడప తొక్కదు. గర్భంలో పెరిగే హార్మోన్లకి చిగుళ్ళు చిన్న పాచికే ఎర్రగా ఉబ్బి, తోమితే రక్తం కారుతాయి. నూటికి అరవై డెబ్భై మందికి ఇలా అవుతుంది. రక్తం కనపడగానే "తోమకు, చిగుళ్ళు చితికాయి" అంటారు. తోమరు. పాచి గార కడుతుంది. వేవిళ్ళ వాంతుల్లోని ఆమ్లం పంటి పైపొరని కొరుకుతుంది. వాంతి కాగానే కాస్త వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకుంటే చాలు. అది చెప్పేవాళ్ళు లేరు గానీ, వాంతి కాగానే చింతపండు ముక్క చప్పరించమనేవాళ్ళు వీధికి నలుగురు.

రెండో వైపు ఇంకో జాతి బయల్దేరింది. "క్లీనింగ్ చేయించుకోండి, నెలలు నిండకుండా కాన్పు రాదు" అని గ్యారంటీ కార్డు ఇచ్చేవాళ్ళు. చిగుళ్ళ జబ్బుకీ నెలలు నిండని కాన్పుకీ సంబంధం కనపడుతోందని 1996లో మొదలైన మాట అది. నిజంగా క్లీనింగ్ చేస్తే అలాంటి కాన్పులు తగ్గుతాయా అని అమెరికాలో 823 మంది గర్భిణుల్ని రెండు జట్లు చేసి చూశారు. 2006లో తేలింది: తగ్గలేదు. చిగుళ్ళు బాగయ్యాయి, బిడ్డలకి ఏ హానీ జరగలేదు, అంతే. పంటికి వైద్యం పంటి కోసం చేయించుకుంటే చాలదా? ఆడదాని నొప్పి తగ్గాలన్నా బిడ్డ పేరు చెప్పి సిఫారసు చేయించుకోవాలా?

దీవుల్లో ఈ వాయిదాకి ఇంకో రుచి ఉంది. "పుట్టింటికి వెళ్ళాక చూపిద్దాంలే, మెయిన్‌లాండ్‌లో మంచి డాక్టర్లుంటారు" అంటారు. డిగ్లీపూర్ నుంచి రాజధానికి రావాలంటేనే మూడు వందల కిలోమీటర్ల ట్రంక్ రోడ్డు. క్యాంప్‌బెల్ బే నుంచైతే ఐదు వందల కిలోమీటర్లు దాటిన సముద్రం. అక్కణ్ణుంచి వచ్చే ఓడకి గాలీ వానా చూసుకోవాలి. అలాంటి చోట చిన్న పుప్పికి ఆ రోజే సిమెంటు పెట్టించాలి నిజానికి. మనం తిరగేశాం: ఎంత దూరమైతే అంత వాయిదా. పుట్టింటికి చేరాక "ఇప్పుడు నిండు చూలాలు, వద్దు." కాన్పయ్యాక "పచ్చి బాలింత, పళ్ళు వదులైపోతాయి." మూడో నెల "పాలిచ్చే తల్లి, మందులు పడవు." ఏడాదికి తిరిగొచ్చేసరికి మళ్ళీ నెల తప్పుతుంది.

మా వీధి పిల్ల ఏం చేసిందో చెప్తాను, పేరడక్కండి. మర్నాడు "స్కానింగ్‌కి తోడు వెళ్తున్నా" అని నేను, "స్కానింగ్" అని ఆ పిల్ల, ఆటో ఎక్కాం. ఈసారి దొరికిన డాక్టరు చిన్నమ్మాయి. నోరే చూసింది. కుర్చీని పూర్తిగా పడుకోబెట్టలేదు, కుడి తుంటి కింద చిన్న దిండు సర్ది మనిషిని ఎడమ పక్కకి ఒరగనిచ్చింది, బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా. సూది. బుగ్గ మొద్దుబారింది. సన్నటి ఆకురాళ్ళలాంటి పుల్లలతో లోపలి కుళ్ళు లాగింది. చీము వాసనకి నేను ముఖం తిప్పుకున్నాను, ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. లేచి కూర్చుని మొదట అడిగిన మాట: "అక్కా, బిడ్డ కదిలినాడు. నొప్పి పోయినందుకేనా?" దారిలో రెండు ఇడ్లీలు నమలకుండా మింగింది. ఆ సాయంత్రం వాపు తగ్గడం చూసి అరుగు మీది పెద్దమ్మ లవంగనూనె గొప్పదనం గురించి వీధంతా చెప్పింది.

బిడ్డ పుట్టాడు. మూడు కిలోలు. బారసాల నాడు పెద్దమ్మ మనవడి కొడుకుని ఒళ్ళో వేసుకుని, చుట్ట మాత్రం ఆర్పకుండా, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

"సూడండర్రా, బంగారంనాగున్నాడు. పన్ను ముట్టనివ్వలేదు నాను. నా మాట ఇన్నాది కాబట్టి."

తల్లి నా వైపు చూసి నవ్వింది. నోరు మాత్రం తెరవలేదు.