భాగించకుండా ప్రధాన సంఖ్యను పట్టే విధానం

సంఖ్య పెద్దదయ్యే కొద్దీ దాన్ని భాగించి చూడటం అమర్యాద. చివరి అంకె చూడండి చాలు. 1, 3, 7, 9లలో ఏదున్నా అది ప్రధాన సంఖ్యే. ఎవరైనా 91 తెచ్చి, ఇది 7, 13ల లబ్ధం కదా అంటే, మనం మాట్లాడేది పెద్ద సంఖ్యల గురించి అనండి.

సొంతంగా తయారు చేసుకోవాలంటే, ఏదో ఒక ప్రధాన సంఖ్యను ఎంచుకుని, రెండుని అన్నిసార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేయండి. 2, 3, 5, 7లతో చేస్తే 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధానాలే. ఒక్క మెతుకు చూసి అన్నం దించేస్తాం, ఇక్కడ నాలుగు చూశాం. ఇక చాలు. 11 జోలికి పోతే 2047 వస్తుంది, 23ని 89తో గుణిస్తే వచ్చేదీ అదే.

తప్పు బయటపడుతుందని భయపడకండి. మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 67తో చేసినా ప్రధాన సంఖ్యే వస్తుందని 1644లో ప్రకటించాడు. కాదని లూకా అనే గణితవేత్త తేల్చింది 1876లో! ఈ జాతి సంఖ్యలకు ఇవాళ్టికీ మెర్సెన్ పేరే. పైగా లూకా, భాగం పోతుందన్నాడే గానీ దేనితో పోతుందో చూపించలేదు. అలాంటి రుజువులు కూడా ఉంటాయట. మీరు మాత్రం దబాయించండి.

కోల్ లాంటివాళ్లతోనే చిక్కు. ఈ అమెరికన్ 1903లో గణితవేత్తల సభలో నోరు మెదపకుండా బోర్డు మీద ఆ సంఖ్యను కట్టాడని చెబుతారు: 147573952589676412927. పక్కనే 193707721ని 761838257287తో గుణించాడు. అదే జవాబు. సభంతా చప్పట్లు. అందుకే మీ సభల్లో సుద్దముక్కలు అందుబాటులో ఉంచకండి.

2024లో దొరికిన ఈ జాతి ప్రధాన సంఖ్యను మాత్రం కావాలంటే చేత్తో రాసి చూసుకోవచ్చు. 13,62,79,841 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అది, అంకెలు 4,10,24,320. సెకనుకొకటి చొప్పున నిద్రాహారాలు మాని రాస్తే 475 రోజుల్లో అయిపోతుంది. చివరి అంకె 1, కాబట్టి మన మొదటి సూత్రానికీ నిలిచింది. అంత ఓపిక లేనివాళ్లు కంప్యూటర్ పద్ధతిలో రాసుకోండి. సున్నా ఒక్కటీ రాదు, 13,62,79,841 ఒకట్లే. అచ్చుతప్పులు పడవు.

ఇక ఉపయోగం. ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచడానికి ఒక్కోటి మూడు వందల పైచిలుకు అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలను వెతికి గుణించమంటారు. గుణించడం తేలిక, లబ్ధాన్ని మళ్లీ విడదీయడం మహా కష్టం, ధీమా అంతా అక్కడేనట. రెండెందుకు, దండగ. ఒక్కటే వెతికి దాన్ని దాంతోనే గుణించండి. తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయినా కంగారు లేదు, వర్గమూలం కట్టడం వచ్చిన వాళ్లెవరైనా మీకు తెరిచి పెడతారు.