గంటకు గంట

నేను డీవీడీ రికార్డర్‌ను. శాలిబండలో ఒక షాదీ వీడియో దుకాణంలో, కౌంటర్ వెనక అలమరలో నా చోటు. మా జాతి 1999 చివర్లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. నేను మాత్రం జెడ్డాలో కొలువు చేసి ఇల్లు చేరిన ఒకాయన సామానులో, దుప్పట్ల మధ్య హైదరాబాద్‌కు వచ్చాను. ఆయన దగ్గర నన్ను కొన్న దుకాణందారును బస్తీ అంతా చాచా అంటుంది. నేనూ అంతే.

మొదట్లో నా పని పెళ్ళి క్యాసెట్లతోనే. వీహెచ్‌ఎస్ టేపుల్లో బూజు పడుతున్న నిఖాలు, వలీమాలు, సప్తపదులు డిస్కుల్లోకి ఎక్కించేదాన్ని. 2008లో టాటా స్కై ప్లస్ లాంటి రికార్డు చేసే డబ్బాలు మన ఊళ్ళోకి దిగాక పని మారింది. ఇంట్లో లేకపోయినా ప్రోగ్రాం దానంతటదే రికార్డయిపోతుంది. జనానికి ఎంత నచ్చిందో చెప్పలేను. అందులో పడ్డదల్లా తమదే అనుకున్నారు పాపం. అక్కడే చిక్కు. ఆ ఫైలుకు తాళం ఉంటుంది, తాళంచెవి ఆ ఒక్క డబ్బాకే తెలుసు. హార్డ్‌డిస్కు విప్పి కంప్యూటర్‌కు తగిలించినా బొమ్మ రాదు. డబ్బా చెడిపోయినా, కంపెనీవాళ్ళు వచ్చి మార్చినా, లోపలున్నదంతా దాంతోనే పోతుంది.

మిగిలిన దారి డబ్బా వెనకున్న మూడు రంధ్రాలు: పసుపు, ఎరుపు, తెలుపు. పసుపులోంచి బొమ్మ, మిగతా రెంటిలోంచి శబ్దం. ఆ మూడు వైర్లు నాకు కలిపి, డబ్బాలో ప్లే నొక్కి, నా మీద రికార్డ్ నొక్కాలి. మూడు గంటల ప్రోగ్రాం మూడు గంటలూ నడవాల్సిందే. కంప్యూటర్‌లో ఫైలు కాపీ చేసినట్టు నిమిషంలో అయ్యే పని కాదిది. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, ప్రకటనలు రాగానే ఆపి, అవి పోగానే మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ పనిలో నాకు బాగా నచ్చింది కూడా ఇదే. మనిషి కూర్చుని మొత్తం చూస్తాడు.

లాల్‌దర్వాజ నుంచి ఒకావిడ చీర కొంగులో చుట్టుకుని డబ్బా తెచ్చిన రోజు చెప్పాలి.

"చాచా, గిండ్ల మా అత్తమ్మ ఉన్నది. బోనమెత్తుకున్నది లైవ్‌ల వచ్చింది. ఇప్పుడామె లేదు. డబ్బ మారుస్తమంటున్నరు. గిది పోతే మల్ల యాడ దొరుకుతది?"

"ఫికర్ జేయకు బేటా, కూసో. ఛాయ్ తాగు. టైం పడ్తది."

ఒక్క డిస్కులో పట్టేది 4.7 జీబీ. రికార్డింగ్ మోడ్ ఎస్‌పీలో పెడితే రెండు గంటలు, ఎల్‌పీలో నాలుగు, ఈపీలో ఆరు. నిడివి పెంచితే బొమ్మ పలచబడుతుంది. ముషాయిరా అయితే ఎల్‌పీ చాలు, ఎందుకంటే వేదిక కదలదు, షాయర్ ఒక్కచోటే ఉండి చదువుతాడు. బోనాలు అలా కాదు. పోతరాజు కొరడా తిప్పుతుంటే, పసుపు గాల్లో లేస్తుంటే, గుంపు అంతా ఊగుతుంటే ఫ్రేములో ప్రతి చుక్కా మారిపోతుంది. తక్కువ జాగాలో ఇరికిస్తే బొమ్మ గళ్ళుగళ్ళుగా పగులుతుంది. చాచా ఆలోచించలేదు. ఎస్‌పీలో పెట్టి రెండు డిస్కులు తీశాడు.

వ్యాఖ్యాత 1908 మూసీ వరద గురించి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహవాహిని అమ్మవారికి మొక్కుకున్నాడని చెప్పుకునే కథ గురించి చెబుతుండగా కెమెరా వరుస మీదికి తిరిగింది. ఇత్తడి బోనం, చుట్టూ వేపమండలు, తడి జుట్టు, నుదుట రూపాయంత కుంకుమ. కాళ్ళ మీదుగా స్క్రోలింగ్ పోతోంది. "గదే! గదే చాచా మా అత్తమ్మ!" అని కోడలు లేచి నిలబడింది. రెండో మూడో క్షణాలు, అంతే. చాచా అక్కడ చాప్టర్ గుర్తు పెట్టాడు. ఇంట్లో రిమోట్ ఒక్కసారి నొక్కితే నేరుగా ఆమె దగ్గరికే చేరేలా.

ఆ తరువాత ఫైనలైజ్. చాలామంది వదిలేసే పని ఇది. డిస్కు మీది రంగు పొరను నా ఎర్ర లేజర్ కాల్చి బొమ్మ రాస్తుంది. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్న రాసి మూయకపోతే ఆ డిస్కు నాలో ఆడినా వేరే ప్లేయర్లలో చాలావాటిలో ఆడదు. మధ్యలో కరెంటు పోతే డిస్కు పాడు. అందుకే ఆ కాసేపు చాచా నన్ను ఇన్వర్టర్ మీద పెడతాడు, ఫోన్ కూడా ఎత్తడు.

ఇంటివాళ్ళు చూసుకోవడానికే చాచా కాపీలు చేస్తాడు. అమ్ముకోవడానికి యాభై తీసిమ్మని వచ్చినవాళ్ళను తిప్పి పంపేవాడు. అది సరైన పనే.

మొహర్రం పదో రోజు డబీర్‌పురా బీబీ కా అలావా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగే బీబీ కా ఆలం ఊరేగింపు కూడా నాలోంచి వెళ్ళింది. జూపార్కు ఏనుగు రజని కొన్నేళ్ళు ఆ ఆలంనూ మోసింది, బోనాల్లో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటాన్నీ మోసింది. ఒకే ఏనుగు, రెండు డిస్కులు, ఒకే అలమర. పాతబస్తీ గురించి ఎవరేం మాట్లాడినా నాకు ఆ రెండు డిస్కులే గుర్తొస్తాయి.

ఇదంతా టీవీవాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది కదా అంటారు. ఉంటుందని నమ్మకం ఏముంది? బీబీసీ అంతటిది 1960ల నాటి డాక్టర్ హూ ఎపిసోడ్లను చెరిపేసి టేపులు మళ్ళీ వాడుకుంది. తరువాత కొన్ని దొరికాయి. చాలా ఎపిసోడ్ల శబ్దం అభిమానులు ఇళ్ళలో టేప్‌రికార్డర్లు పెట్టి పట్టుకున్నందుకే మిగిలింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ ముప్ఫై ఏళ్ళకు పైగా టీవీ వార్తలు రికార్డు చేస్తూ పోయింది. 2012లో ఆమె చనిపోయేనాటికి సుమారు 70,000 టేపులు. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. గల్లీ కేబుల్ ఛానెల్‌లో వచ్చిన ఊరేగింపును ఇంకెవరు దాస్తారు? ఆ ఇంటివాళ్ళే దాచుకోవాలి.

ఇప్పుడు ఖాళీ డిస్కుల కోసం చాచా కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం అడగాల్సి వస్తోంది. మన దేశంలో వాటిని తయారుచేసిన మోజర్ బేయర్ 2018లో దివాలా తీసి మూతపడింది. నా లేజర్ కూడా బలహీనపడింది. రాసిన డిస్కులూ ఎండకు, తేమకు పాడవుతాయి. అందుకే చాచా ఈ మధ్య పాత డిస్కులన్నీ తెప్పించుకుని మనవడి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇంటివాళ్ళకు, ఇంకోటి దుకాణంలో. లాల్‌దర్వాజ డిస్కులు రెండూ నిరుడే అయిపోయాయి, చాప్టర్ గుర్తుతో సహా. ఇంట్లో ఇంకా పాత రికార్డర్ డబ్బా ఉన్నవాళ్ళు దాన్ని కంపెనీకి తిరిగిచ్చే ముందు ఒకసారి శాలిబండకు తీసుకురండి. మూడు వైర్లు చాచా దగ్గరున్నాయి. మీరు మాత్రం కూర్చోవడానికి తీరిక చేసుకుని రండి.