మోటారు దేవరకు అన్నప్రాశన

పెన్న సముద్రమున గలియు తావున, విడవలూరు ఇందుకూరుపేట పొలములలో, మోకాటిలోతు బురదలో దిగి పండించిన గింజ బియ్యమై భారత ఆహార సంస్థ గోదాముల జేరినచో దానికెంతటి మహాదశ పట్టవచ్చునో మన నెల్లూరు రైతులింకను గుర్తించినట్లు లేదు: మనుష్యుల కంచమునకే గాక మోటారుబండ్ల యుదరమునకును అది నేడు నైవేద్యమగుచున్నది.

2009 నాటి జీవ ఇంధన విధానమున, 2017 నాటికి పెట్రోలులో నూటికిరువది పాళ్లు ఇథనాలు కలిపెదమని సంకల్పించిరి. డీజిలునకై బీడుభూములలో అడవి ఆముదము నాటుడని ఊరూర బోధించిరి. మేకయైనను నోరు పెట్టని యా మొక్క నమ్మినవారికి పెట్టుబడినైన దక్కనీయలేదు. అందువలననే కాబోలు, 2018 విధానకర్తలు ఈమారు శంకకు తావులేని పంటను, అనగా మనుష్యులు తినుటకు పండించు పంటను గూడ ఇథనాలు ముడిసరకుల జాబితాలో జేర్చిరి. ఆ యిరువది పాళ్లకు 2030కి పెట్టుకొన్న గడువును 2025-26కు ముందుకు జరిపి మరీ నెరవేర్చుకొనిరి. సోమరి ప్రభుత్వమని నిందించువారికిది చెంపపెట్టు.

అయినను బియ్యము మిగిలినదో లేదో తేలునది కళ్లములో గాదు, ఢిల్లీలో. 2023 జూలైలో చాలదని డిస్టిలరీలకు నిలిపిరి. మరుసటి యేడు మిగిలినదని తెరచిరి. 2025 జనవరిలో ఆ బియ్యమునకు క్వింటాలు 2,250 రూపాయలని ధర గట్టిరి. అప్పటి సాధారణ రకము వడ్ల మద్దతు ధర 2,300. క్వింటాలు వడ్లు మరపట్టింప 67 కిలోల బియ్యము వచ్చును. ఊక వదలి, తవుడు వదలి, మరకూలి, గోదాము బాడుగ, లారీ కిరాయి నెత్తినెత్తుకొని వెలువడిన తెల్లని బియ్యము, పొట్టు విడువని వడ్లకంటె యేబది రూపాయలు చౌకయగు విధము పావులూరి మల్లన గణితమున వెదకినను దొరకదు.

ఇథనాలునకు ఆదినుండి ముడిసరకు చెఱకు మడ్డి. అట్టి మడ్డినిచ్చు సహకార చక్కెర కర్మాగారము కోవూరు చెంత పోతిరెడ్డిపాళెమున మనకును గలదు. దానికి ఏండ్ల తరబడి తాళము.

లీటరుకు లీటరు తూచినచో ఇథనాలు శక్తి పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ. బంకులో ధర మాత్రము తక్కువ గాదు. పైగా నీటిని పీల్చుట దాని సహజగుణము. వడ్లలో తేమ 17 శాతము దాటినదని దళారి పుట్టికిన్ని కిలోలు కోతపెట్టగా మారుపలుకక తలవంచిన రైతు, మోటారుసైకిలులో బియ్యపు సారమో మొక్కజొన్న సారమో పోయించుకొనునపుడు, తేమ కోత క్రింద నాలుగు రూపాయలు తగ్గింపుమని బంకువానిని ఒక్కమారడిగి చూడవచ్చును.