స్టిక్కరు మాహాత్మ్యం

కొత్త టీవీ కొన్నవాళ్ళు ఈమధ్య తెర ఎన్ని అంగుళాలో చెప్పడం లేదు. "దీనికి అట్మాస్ ఉందండీ" అంటున్నారు. శబ్దాన్ని తల పైనుంచి కూడా వినిపించే డాల్బీ వారి ఏర్పాటన్నమాట. ఎక్కడుందీ అని అడగడం మర్యాద కాదు. ప్యానెల్ అడుగున నేలచూపులు చూస్తూ రెండు బుల్లి స్పీకర్లుంటాయి. ఆకాశం నుంచి వాన కురిపించే బాధ్యత వాటిదే.

థియేటర్ అట్మాస్ సంగతి వేరు. 2012లో పిక్సార్ వారి 'బ్రేవ్'తో వచ్చిన ఆ ఏర్పాటు ఒకేసారి 128 ట్రాకుల దాకా మోస్తుంది, హాలును బట్టి 64 స్పీకర్ల దాకా పంచుతుంది. హెలికాప్టర్ ఎక్కడ ఎగరాలో ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని ఎగరేసేది పైకప్పుకు బిగించిన స్పీకర్లు. అవి లేకపోతే? శుభలేఖలో పేరు అచ్చయింది, మనిషి రాలేదు. మన కంపెనీలు మాత్రం శుభలేఖకే విస్తరి వేసి వడ్డిస్తున్నాయి.

శబ్దాన్ని పైకి కొట్టే సౌండ్ బార్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. సీలింగుకు తగిలి సోఫా మీదికి దిగాలని వాటి ఆశ. అందుకు సీలింగు చదునుగా, గట్టిగా ఉండాలి. మన హాల్లో అక్కడ ఫ్యాను తిరుగుతోంది, దాని చుట్టూ మెట్లుమెట్లుగా ఫాల్స్ సీలింగు. అయినా పెట్టె మీద 5.1.2 అని ఉంది గనక ఆ చివరి రెండూ పైనుంచి వినిపిస్తున్నట్టే లెక్క.

నిజంగా ఐదు స్పీకర్లూ కొన్న మహానుభావులూ ఉన్నారు. సోఫా గోడకు ఆనుకుని ఉండటంతో వాళ్ళకు 'వెనక' అనేదే లేదు. అందుకని ఐదింటినీ షోకేసులోనే పేర్చి 'సరౌండ్' అంటారు. చుట్టుముట్టింది ప్రేక్షకుణ్ణి కాదు, టీవీని.

ఈ జబ్బు పాతదే. టేప్‌రికార్డర్ల కాలంలో పీఎంపీఓ అని ఒక వింత కొలత ఉండేది. గోడ సాకెట్టు నుంచి లాగేది పదుల వాట్లు, అట్టపెట్టె మీద అచ్చేసేది వేలు. ఎవరూ ప్రమాణం రాయలేదు గనక ఎవరికి తోచినంత వాళ్ళు వేసుకున్నారు.

సినిమా హాళ్ళ కోసం జరిగిన పోటీలో కనీసం పనితనం ఉంది. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో వచ్చిన డాల్బీ డిజిటల్ ఫిల్ము చిల్లుల మధ్య ఖాళీలో శబ్దాన్ని అచ్చేసింది. మరుసటి ఏడు 'జురాసిక్ పార్క్'తో వచ్చిన డీటీఎస్ ఫిల్ము మీద టైమ్‌కోడ్ మాత్రం గీసి, శబ్దాన్ని సీడీల్లో వేరే పంపింది. అదే ఏడు వచ్చిన సోనీ వారి పద్ధతికి ఫిల్ము అంచులు మిగిలాయి. ముగ్గురూ ఒకే ప్రింటు మీద ఇరుక్కుని కూర్చోగలిగారు! ఇళ్ళ దాకా వచ్చేసరికి ఆ పోటీలో మిగిలింది లోగోలే.

ఇంతకీ అట్మాస్ ఉన్న ఇంట్లో సినిమా చూడటం ఎలా ఉంటుంది? హీరోయిన్ మాట్లాడితే సౌండ్ పెంచుతారు, బాంబు పేలితే పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టకముందే తగ్గిస్తారు. మాటల కోసమే మధ్యలో ఒక స్పీకరు ఉండాలన్న సంగతి స్టిక్కరు మీద రాయలేదు మరి. టీవీ ఆడియో సెట్టింగు పీసీఎం మీద ఉంటే బార్‌కు చేరేవి రెండే చానెళ్ళని కూడా రాయలేదు. చివరికి తెలుగు సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఇంటిల్లిపాదీ అట్మాస్‌ను చదువుకుంటున్నారు.