రాతిపువ్వునండీ

నన్ను రాతిపువ్వంటారండీ. పువ్వుని కాను. పుట్టింది రాతి మీదా కాదు, హిమాలయాల వాలులో ఒక ఓక్ చెట్టు బెరడు మీద. పేరుకీ ఉనికికీ పొంతన లేదని నేను చేరిన కొవ్వూరు వాళ్లు మాత్రం నన్ను ఎగతాళి చెయ్యలేరు. గోదావరికి పడమటి గట్టునున్న వాళ్ల ఊరు 2022 ఏప్రిల్ నుంచి తూర్పు గోదావరి జిల్లాలో ఉంది మరి!

నేను ఒక్కదాన్ని కాదు, ఒక కాపురాన్ని. బూజు జాతిది గూడు కట్టి తడి పట్టి ఉంచుతుంది. నాచు జాతిది అందులో కూర్చుని ఎండతో వంట చేస్తుంది. ఈ గుట్టు 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు బయటపెడితే, మా జాతిని, అంటే లైకెన్లని, చదివిన పండితులే చాలామంది కొట్టిపారేశారు.

ఉత్తరాది మంచు దేశాల్లో మాకు వేలువిడిచిన చుట్టాలున్నారు, క్లాడోనియా వారు. అంగుళం ఎత్తు కాడలు, వాటి మీద బుల్లి గిన్నెలు. కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీద కార్తీకంలో వెలిగించే ప్రమిదల్ని పుల్లల మీద నిలబెట్టినట్టుంటారు. చినుకు టప్పున గిన్నెలో పడితే పొడి చిందుతుంది. ఒక్కో రేణువులో బూజూ నాచూ రెండూ ఉంటాయి. కాపురం కాపురమే ఎగిరెళ్లి ఇంకోచోట దిగుతుందన్నమాట.

మాకా గిన్నెల వైభోగం లేదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పాకి అరచేయంత అయ్యేసరికి గీకేశారు. గోతాల్లో చేతులు మారి, కొవ్వూరు కిరాణా కొట్లో అనాసపువ్వు డబ్బా పక్కన తేలాను. ఎండిపోయానని జాలిపడకండి. ఎండటమంటే మాకు నిద్ర. తడి తగిలితే లేస్తాం.

కొట్లోంచి ఒకరింటికి చేరాక, ఆదివారం వంటింట్లో కోడలు నన్ను అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంటత్తయ్యగారూ, చెట్టు తొక్కలా ఉంది? పైన బూడిదరంగు, అడుగున నలుపు."

"రాతిపువ్వమ్మా. బెరడు ముక్కలేరి కడుగు. నూనెలో పడ్డాక చూద్దువుగాని."

నీళ్లలో పడగానే లేతపచ్చకి తిరిగాను. "అయ్యో, పచ్చబడిందండీ!" అందా పిల్ల. అత్తగారు వినిపించుకోలేదు, అవతల ఉల్లిపాయలు మాడుతున్నాయి. పచ్చిగా నాకు పెద్ద వాసనేం లేదు. కాగే నూనెలో పడ్డాకే వీధి చివరి దాకా వెళ్తాను.

భోజనాలయ్యాక కంచం అంచున, లవంగానికీ బిర్యానీ ఆకుకీ మధ్య మిగిలాను. చెయ్యి కడిగిన నీళ్లు మీద పడ్డాయి. ఈసారి పచ్చబడలేదు.